నీళ్ల మాత్ర దాచిపెట్టిన నన్ను దేవుడు లేపిన విధం

ఈ పత్రిక చేతిలో పట్టుకుని చదువుతున్న నా సహోదరీ సహోదరులారా, చిక్కడపల్లిలో జాకెట్లు కుట్టే సుగుణమ్మ మీ అందరికీ చేతులెత్తి వందనాలు చెబుతోంది. మా పాస్టరయ్య గారు నన్ను మూడుసార్లు అడిగారు, అమ్మా నీ సాక్ష్యం రాసివ్వమ్మా అని, మూడుసార్లూ నేను పెళ్లిళ్ల సీజను అనో కళ్లద్దాలు విరిగాయనో ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. దేవుడు నాకు మేలు చేశాడని రాయమంటే ఎవరైనా రాస్తారు గానీ, అబద్ధమాడి చావు దాకా పోయి వచ్చానని అచ్చులో పెట్టుకోవడానికి ఎంత గుండె కావాలో మీరే ఆలోచించండి! అయినా నన్ను బతికించినవాడు గొప్పవాడు, ఆయన కోసం నా పరువు కాస్త తగ్గితే తగ్గిందిలే అనుకుని ఈ రోజు మిషను మూసి కూర్చున్నాను.

మాది పాలమూరు వైపు పల్లె. మా ఆయన దానయ్య తాపీ మేస్త్రీ. పెళ్లయిన కొత్తలోనే పని వెతుక్కుంటూ పట్నం వచ్చి అశోక్‌నగర్ మురికినాలా పక్కన బస్తీలో కిరాయికి దిగాం, ఆయన గోడలు కడుతుంటే నేను చిక్కడపల్లిలో ఒక చీరల దుకాణం అరుగు మీద కాలితో తొక్కే మిషను పెట్టుకుని కుట్టుపని చేసుకుంటూ వచ్చాను. దేవుడు దీవించాడు, చేతినిండా పని ఇచ్చాడు, కానీ దానితోపాటు నాకు ముక్కు మీద కోపం కూడా ఉంది, దాన్ని ఆయన ఇచ్చాడని చెప్పను, అది నా సొంతం. జాకెట్టు చేతులు వదులయ్యాయని ఎవరైనా అంటే, నీ చేతులే సన్నబడ్డాయి అని తిరగబడే మనిషిని నేను.

నాలుగేళ్ల కిందట నాకు తలనొప్పి మొదలైంది. పొద్దున లేవగానే మెడ వెనక మొదలై నడినెత్తిన సుత్తితో కొట్టినట్టు ఉండేది. కోపం వల్ల అన్నారు, కళ్లు మండటం వల్ల అన్నారు, పాదాలు మాత్రం చెప్పుల్లో పట్టనంత ఉబ్బాయి, ఒక రోజు చిక్కడపల్లి మార్కెట్లో టమాటాలు ఏరుతుంటే ముక్కు వెంట రక్తం బొటబొటా కారింది! కూరగాయలమ్మే ఆమె నన్ను పక్క సందులోని డాక్టరమ్మ దగ్గరికి నడిపించుకు పోయింది. డాక్టరమ్మ చేతికి పట్టీ కట్టి గాలి కొట్టి చూసి, మళ్లీ ఒకసారి చూసి, పై అంకె రెండు వందలకు దగ్గరగా ఉందని చెప్పింది. నాకైతే అంకెలు అర్థం కాలేదు గానీ ఆమె మొహం చూస్తే సంగతి మంచిది కాదని తెలిసింది.

ఆమె మూడు మందులు రాసింది. ఒకటి బీపీ మాత్ర, ఒకటి నీళ్ల మాత్ర, మూడోది సీసాలో సిరప్. ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, అప్పుడే వినివుంటే ఎంత బాగుండేదో!

"సుగుణమ్మా, ఈ చిన్న తెల్ల గోలి ఒంట్ల జమైన నీళ్లను, ఉప్పును మూత్రంల బయటకి గుంజుతది. అట్ల బీపీ తగ్గుతది. కానీ వాటితోని పొటాషియం అని ఇంకోటి గూడ పోతది. అది తగ్గితే కాళ్లు చేతులు పట్టేస్తయి, గుండె లయ తప్పుతది. గందుకే ఈ సిరప్ ఇస్తున్న. పండ్లరసంల కలుపుకొని తాగు. గోలి ఒక్కటే వేసుకొని సిరప్ ఇడిసిపెడితే ఊకోను."

ఆ సిరప్ రుచి ఏం చెప్పను తల్లీ! ఉప్పు సముద్రాన్ని మరగబెట్టి సీసాకెత్తినట్టు ఉండేది. అయినా బత్తాయి రసంలో కలుపుకుని కళ్లు మూసుకుని తాగేదాన్ని. మామిడికాయ తొక్కు మానేశాను, అదొక్కటే నాకు నిజమైన సిలువ. బీపీ మాత్రలు, సిరప్ ఇంట్లో అలమరలో ఉండేవి. నీళ్ల మాత్రలు మాత్రం మిషను సొరుగులో పెట్టుకునేదాన్ని, ఎందుకంటే ఇంట్లో వేసుకుని బయలుదేరితే అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి చేరే లోపల దారిలో నా పరిస్థితి ఏమయ్యేదో ఆడవాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు. దుకాణం వెనక బాత్రూము ఉంది గనుక అక్కడికి చేరాకే వేసుకునేదాన్ని. ఆరు నెలలు ఇలా గడిచాయి, తలనొప్పి పోయింది, వాపు పోయింది, డాక్టరమ్మ నవ్వింది. దేవునికే మహిమ అని నేనూ అన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ సాక్ష్యం ఆరు వరుసల్లో అయిపోయేది.

అశోక్‌నగర్‌లో రేకుల షెడ్డులో జరిగే మా సంఘంలో స్త్రీల సమాజానికి అప్పటికి నేనే పెద్దను. ఒక గురువారం కూడికకు వేరే ఊరి నుంచి ఒక సహోదరి వచ్చి, నేను మందులన్నీ చెత్తకుండీలో పారేశాను, దేవుడు నన్ను ముట్టాడు అని సాక్ష్యం చెప్పింది. చప్పట్లతో రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. సహోదరులారా, ఆమె సంగతి నాకు తెలియదు, ఆమెను తీర్పు తీర్చను, నా సంగతే చెబుతున్నాను, నా కడుపులో ఈర్ష్య భగ్గుమంది! ఇన్నేళ్లుగా చాపలు పరిచింది నేను, పాటలు నేర్పింది నేను, చప్పట్లు ఆమెకా? అంతలో ఒకామె నన్ను చూసి, "అక్కా, నీకు గూడ బీపీ ఉండె కదా?" అని అడిగింది. నేను లేచి నిలబడి, "ఉండె. నేను గూడ గోలీలు ఇడిసిపెట్టిన, ప్రభువే నా డాక్టరు" అనేశాను. ఆ మాట అనాలని ఇంటి దగ్గర అనుకుని రాలేదు. నోట్లో నుంచి దానంతట అదే జారింది, చప్పట్లు మాత్రం మొదటి సహోదరికి కొట్టిన వాటికంటే గట్టిగా మోగాయి, నాకు అవి తియ్యగా అనిపించాయి.

ఆ సాయంత్రమే ఎనిమిదిమంది ఆడవాళ్లు మా గదికి వచ్చి స్తుతి ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక అలమరలో మాత్రల అట్ట, సిరప్ సీసా కనబడ్డాయి. అవి ఇంకా ఎందుకు అని ఒకామె అంటే, అవును ఎందుకు అని నేనే తీసి ఇచ్చాను, వాళ్లు పాట పాడుకుంటూ పోయి రెండూ నాలాలో పడేశారు. నేను గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాను! సంఘ వార్షికోత్సవంలో నా సాక్ష్యం ఉంటుందని, దానికి ముందు ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన అని పాస్టరయ్య గారు ఆదివారం ప్రకటించారు.

మందులు నాలాలో పడిన మూడో రోజుకల్లా నెత్తి మీద సుత్తి మళ్లీ మొదలైంది. ఇప్పుడు చూడండి, అబద్ధం మనిషికి ఎంత తెలివి ఇస్తుందో! మిషను సొరుగులో నీళ్ల మాత్రలు నిండుగా ఉన్నాయి, వాటి సంగతి ఎవరికీ తెలియదు. గోరంత మాత్ర, నాలుక కింద పెట్టుకుని గుక్కెడు నీళ్లు తాగితే పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలియదు. ఉపవాసంలో నీళ్లు తాగవచ్చు, ఆ నియమం స్త్రీల సమాజంలో చదివి వినిపించిందే నేను. పండ్లరసం, పాలు, టీ ముట్టకూడదు, అదీ నేనే చదివాను. మరి సిరప్‌కు రసం కావాలి, సీసా కావాలి, వాసన వస్తుంది, దాన్ని ఎక్కడ దాచను? అది ఒట్టి టానిక్కులే, ఇరవై రోజులు లేకపోతే ఏమవుతుందిలే అని నాకు నేనే డాక్టరు పట్టా ఇచ్చుకున్నాను. బీపీ మాత్ర లేని లోటు తీర్చడానికి నీళ్ల మాత్ర ఒకటికి రెండు వేసుకోవడం మొదలుపెట్టాను.

అవి వేసవి రోజులు, రేకుల కింద కొలిమిలా ఉండేది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోకాళ్ల మీద ఉండి చెమటలు కార్చి, పొద్దుగూకాక ఇన్ని గంజినీళ్లు తాగేవాళ్లం. మొదటివారం గాలిలో తేలినట్టుంది, పాదాల వాపు పూర్తిగా పోయింది, బుగ్గలు లోపలికి పోయాయి. అక్క మొహంలో వెలుగు వచ్చిందని అందరూ అంటుంటే నేనూ అద్దంలో చూసుకుని నమ్మాను. రెండోవారం పిక్కలు పట్టేయడం మొదలైంది, ఒక పొద్దున కూడికకు ముందు దుకాణానికి పోయి మిషను తొక్కబోతే కాలు మాట వినలేదు, పాదం పెడితే పెట్టిన చోటే ఉంటుంది, తొక్కమంటే తొక్కదు. గుండె కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక అడుగు మరిచిపోయి మళ్లీ ఉలిక్కిపడినట్టు కొట్టుకునేది. డాక్టరమ్మ ముందే చెప్పిన గుర్తులే అవన్నీ! కానీ నేను శరీరం లొంగుతోంది, ఆత్మ గెలుస్తోంది అని వాటికి వేరే పేరు పెట్టుకున్నాను.

మా సంఘంలో ప్రమీల అని ఒక సహోదరి ఉంది, నారాయణగూడలో ఒక నర్సింగ్ హోములో నర్సు. ప్రార్థన మధ్యలో లేచి డ్యూటీకి పోయేది, డ్యూటీ అయ్యాక తెల్లచీరలోనే పరిగెత్తుకొచ్చేది. ఒక రోజు అందరి ముందూ ఆమెను నిలబెట్టి దులిపేశాను. "నీకు దేవుడు ముఖ్యమా, డ్యూటీ ముఖ్యమా?" అని. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది, అయినా పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నీ చేతులు జర వణుకుతున్నయి, బాగుందా?" అని అడిగింది. నేను చెయ్యి విదిలించుకున్నాను.

ఉపవాసంలో పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం. మోకాళ్ల మీద నుంచి లేవబోయాను, లేవలేకపోయాను, పక్కకు ఒరిగి చాప మీద పడిపోయాను. ఒంట్లో ఒక్క కండరం కూడా నాది కాదన్నట్టు అయిపోయింది, తల ఎత్తుదామంటే మెడ నిలవదు, చెయ్యి కదుపుదామంటే కదలదు, కానీ చెవులు వింటున్నాయి, తెలివి తెలుస్తూనే ఉంది! అప్పుడు ఏం జరిగిందో తెలుసా సహోదరులారా? అక్కను ఆత్మ తాకింది అని ఒకామె కేక వేసింది. ప్రార్థనలో ఎవరైనా పడిపోతే వారిని ముట్టకూడదు, దుప్పటి కప్పి స్తుతించాలి అని మా సమాజంలో నేనే నేర్పాను. నా పాఠం వాళ్లు చక్కగా నేర్చుకున్నారు. నా మీద దుప్పటి కప్పారు, చుట్టూ చేరి కంజీర కొడుతూ పాట అందుకున్నారు, ఒక పాట అయ్యాక ఇంకో పాట, ఒక్కరు కూడా నన్ను ముట్టుకోలేదు. దుప్పటి కింద నేను చచ్చిపోతున్నాను, నా చావుకు నా వాళ్లే సంతోషంగా చప్పట్లు కొడుతున్నారు.

ఆ దుప్పటి కింద నేను చేసిన ప్రార్థన ఇదే. "ప్రభువా, వీళ్ల పాట ఆపించు. నన్ను చూడటానికి ఎవరినైనా పంపించు. నేను అబద్ధికురాలిని, నాకు తెలుసు, నీకూ తెలుసు. అయినా పంపించు తండ్రీ."

దేవుడు పంపించాడు! ఎవరిని పంపించాడు? డ్యూటీ ముగించుకుని తెల్లచీరలో ఆలస్యంగా వచ్చిన ప్రమీలను! ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి, దుప్పటి కిందకి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకుంది.

"పాట బంద్ చేయుండ్రి!" అని అరిచింది. "నాడి తప్పుతున్నది. ఆటో పిలుచుకు రాండ్రి!"

"ముట్టొద్దమ్మా, అక్క ఆత్మల ఉన్నది" అని ఎవరో అన్నారు.

"ఆత్మల ఉంటే నాడి గిట్ల కొట్టుకోదు. నన్ను తర్వాత తిట్టుకోండ్రి, ముందుగాల లేపుండ్రి!"

నలుగురు నన్ను మూటలాగా ఎత్తి ఆటోలో వేశారు, ప్రమీల ఒళ్లో నా తల, ఇద్దరు ఆడవాళ్లు ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నారు, అలా నారాయణగూడలో ఆమె పనిచేసే నర్సింగ్ హోముకే తీసుకుపోయారు. ఒకామె ఎస్టీడీ బూత్ నుంచి రాంనగర్‌లో మా ఆయన పనిచేస్తున్న చోటికి కబురు చేసింది. అక్కడి డాక్టరు ఈసీజీ అని గుండె కొట్టుకునే తీరు గీసే కాగితప్పట్టీ తీయిస్తూనే, ఏం మందులు వాడుతోంది అని అడిగాడు. నాతో వచ్చిన ఇద్దరూ ఒక్క గొంతుతో, గర్వంగా చెప్పారు.

"అన్ని గోలీలు ఇడిసిపెట్టింది సార్. ఇరవై దినాలాయె. దేవుడే నయం చేసిండు."

డాక్టరు ప్రమీలతో, బీపీ మందులు మానేసింది గనుక పక్షవాతమేమో, మెదడులో నరం చిట్లిందేమో అంటున్నాడు. నా కాళ్ల దగ్గర ఆ ఇద్దరూ నిలబడి ఉన్నారు, వాళ్ల కళ్లలో నేను ఇంకా గొప్ప విశ్వాసినే! ఇప్పుడు నేను నోరు తెరిస్తే నా పెద్దరికం పోతుంది, తెరవకపోతే ప్రాణం పోతుంది. ఇంత సులువైన లెక్క చేయడానికి నాకు ఎంతసేపు పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పరువు మీద ఆశ ప్రాణం మీద ఆశ కంటే గట్టిదని ఆ మంచం మీదే నాకు తెలిసింది. "ప్రభువా, నా నోరు తెరువు" అని లోపల ఏడ్చాను, నాలుక బరువుగా రాయిలా ఉంది, అయినా కదిలింది!

"నీళ్ల గోలి..." అన్నాను. "దినాం రెండు. దొంగతనంగ వేసుకున్న. సిరప్ తాగలే."

ఆ ఇద్దరు ఆడవాళ్ల మొహాలు నేను చూడలేదు, చూసే ధైర్యం లేక కళ్లు మూసుకున్నాను. డాక్టరు మాత్రం గిర్రున వెనక్కి తిరిగాడు. ఆ ఈసీజీ పట్టీ మళ్లీ కళ్ల ముందు పెట్టుకుని చూశాడు, రక్తం తీసి పక్కనున్న ల్యాబుకు పంపించాడు, ప్రమీలే పరుగున పోయి కాగితం తెచ్చింది. పొటాషియం మూడున్నరకు పైన ఉండాల్సింది నాకు రెండే ఉంది.

"అమ్మా, నీళ్లతోని పాటు గుండెను నడిపించేది గూడ పోగొట్టుకున్నవ్" అన్నాడు డాక్టరు. "ఇప్పుడన్న చెప్పినవ్, మంచిపని చేసినవ్. చెప్పకపోతే మేం వేరే వైద్యం చేస్తుంటిమి."

సెలైనులో పొటాషియం కలిపి చుక్క చుక్కగా ఎక్కించారు. తొందరగా ఎక్కిస్తే అది కూడా గుండెకు ప్రమాదమేనట, అందుకే చుక్కలు లెక్కపెట్టుకుంటూ ప్రమీల పక్కనే కూర్చుంది. అది నరంలో పోతుంటే చెయ్యంతా నిప్పు అంటుకున్నట్టు మండింది, మండనీ అనుకున్నాను. ఇంతలో మా ఆయన సిమెంటు చేతులతోనే వచ్చాడు. ఆయన సంఘంలో చివరి వరుస మనిషి, పైకి ప్రార్థన చేయగా నేను ఎన్నడూ వినలేదు. జరిగిందంతా విని, తలగుడ్డ తీసి, మంచం కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"దేవా, దీని నోరు పెద్దది, మనసు మంచిది. నాకు ఇదొక్కతే ఉన్నది. జర ఇడిసిపెట్టు."

అంతే ఆయన ప్రార్థన. ఆమెన్ కూడా అనలేదు, మరిచిపోయాడు. పద్దెనిమిది రోజులు నేను చేసిన పొడుగు ప్రార్థనలన్నీ ఒకవైపు, ఆ మాటలు ఒకవైపు! నేను వెక్కివెక్కి ఏడ్చాను. మర్నాడు పొద్దున నా కుడికాలి వేళ్లు కదిలాయి, మధ్యాహ్నానికి మెడ నిలిచింది, మూడోరోజు మా ఆయన భుజం పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. హల్లెలూయా!

దేవుడు బాగు చేశాడా, డాక్టరు బాగు చేశాడా అని కొందరు నన్ను ఇప్పటికీ నిలదీస్తారు. వాళ్లకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను, ఆ వేళకు ప్రమీలను షెడ్డుకు తెచ్చింది ఎవరు? రాయిలా ఉన్న నా నాలుకను కదిలించింది ఎవరు? నా కాళ్లకంటే ముందు నా నాలుకకు స్వస్థత వచ్చింది సహోదరులారా, అది ఏ సీసాలోనూ దొరకదు. అది వచ్చాక మిగతాది డాక్టరు చేతికి ఆయనే అప్పగించాడు. నాకు ఇందులో ఏ అనుమానమూ లేదు.

చిక్కడపల్లి డాక్టరమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే పాస్టరయ్య గారు కొట్టేస్తారు గనుక రాయను. నీళ్ల మాత్ర సగానికి తగ్గించింది, సిరప్ మళ్లీ రాసింది, రక్తపరీక్ష చేయించుకోకుండా మళ్లీ మొహం చూపించొద్దంది, ఉపవాసం ఉండాలంటే ముందు తనను అడగాలంది. ప్రమీల దగ్గరికి కూడా పోయాను. క్షమాపణ అడగడం నాకు అలవాటు లేని పని, మూడు వాక్యాలు అనుకుని పోయి ఒక్కటి కూడా చెప్పలేక ఆమె రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డాను. "తెలిసిందక్కా" అంది ఆమె.

ఒక వారం వెనక్కి జరిపిన వార్షికోత్సవం రానే వచ్చింది. నా పేరు పిలిచారు. అందరూ వింటుండగా గురువారం నుంచి దుప్పటి దాకా, దుప్పటి నుంచి మంచం దాకా మొత్తం చెప్పాను. ఒక్క చప్పట వినబడలేదు. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు, ఇలాంటి సాక్ష్యాలతో సంఘానికి చెడ్డపేరు అన్నారట. స్త్రీల సమాజం పెద్దరికం నేనే వదులుకున్నాను. ఆ రోజు ఇంటికి పోతుంటే మాత్రం మనసు ఉతికి ఆరేసిన బట్టలా ఉంది.

మరుసటి ఏడాది ఉపవాస కూడికలకు ముందు పాస్టరయ్య గారు వేదిక మీద నుంచి ఒక మాట అడిగారు. మందులు వాడుతున్నవాళ్లు దాచుకోకుండా చేతులు ఎత్తండి, మీరు మధ్యాహ్నం అన్నం తిని ప్రార్థన చేద్దురు గానీ అన్నారు. నేను ఒక్కదాన్నే చెయ్యి ఎత్తాను, నా వైపు చూడకుండా అందరూ నేల చూపులు చూస్తున్నారు. అయ్యగారు నన్ను చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత తన చెయ్యి తాను పైకెత్తి, "నాది షుగరు. పోయిన ఉపవాసంలో గోలీలు మానేసి రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డ. మా ఇంటామెకు తప్ప ఎవలకు చెప్పలే" అన్నారు. అప్పుడు లేచాయి చేతులు! ముందు వరుసలో ఒకటి, కిటికీ పక్కన ఒకటి, మగవాళ్ల వైపు నుంచి రెండు, నా సాక్ష్యం రోజున లేచి వెళ్లిపోయిన ఒకామె చెయ్యి కూడా లేచింది, ఆమెకు గుండెజబ్బని ఆ రోజే మాకు తెలిసింది. ఎంతమంది పక్కపక్కన మోకరించి ఒకరికొకరం తెలియకుండా బతికామో చూసి నేను గట్టిగా ఏడ్చేశాను.

కాబట్టి చదువుతున్న నా సహోదరీ, నా సహోదరుడా, నువ్వు ఎక్కడ ఉన్నా, ఆయనను నమ్ము. ఆయన జాలిగల దేవుడు, నీ రోగం చూసి చిన్నబోడు, నీ మందు చూసి అలగడు. డాక్టరు ఇచ్చింది ఇచ్చినట్టు వేసుకుని, ఆ తర్వాత మోకాళ్లు వంచు, ఆయన వింటాడు, నా మాట విన్నాడు! ఇందులో అబద్ధమంతా నాది, మిగిలిన ప్రాణమంతా ఆయనది, ఆయనకే మహిమ. నువ్వు చాటుగా మింగే మాత్ర ఆయనకు ఎప్పుడో తెలుసు. పక్కన మోకరించినవాళ్లకు కూడా ఈ రోజే చెప్పు.